నాలుగు గంటల పది నిమిషాల కరెంటు

మా అమ్మాయి రోనాకి నెలలు నిండకుండా, ఏడు వారాలు ముందే ఆడపిల్ల పుట్టింది. సరిగ్గా అదే వారం మా ఇంట్లో హీటర్ల సంగతి బయటపడింది. బిడ్డ ఇన్వర్‌నెస్ ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. రోనా ఆ పెట్టె పక్కన కుర్చీలో ఉంది. నేనూ మా ఆయన మాగ్నసూ ఇక్కడ విక్ అనే చిన్న రేవు ఊళ్లో, రెండో అంతస్తు ఫ్లాటులో, ఇంట్లోనే కోట్లు తొడుక్కుని టీ తాగుతున్నాం.

జనవరి ఆఖరి సోమవారం ఐలీన్ అనే నర్సు ఇల్లు చూడడానికి వచ్చింది. బిడ్డని పడుకోబెట్టబోయే వెనకగదిలోకి వెళ్లి, అల్మరా మీద థర్మామీటరు పెట్టి, పది నిమిషాలు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, అప్పుడు చూసింది.

“పదమూడు,” అంది.

“అంటే బాగానే ఉన్నట్టేగా?” అన్నాడు మాగ్నస్. ముప్పై ఏళ్లు రేవులో క్రేన్లు నడిపినవాడు. ఆయన లెక్కలో పదమూడంటే వేసవికాలం.

“మీకు బాగానే ఉంటుందండీ. రెండు కిలోలు కూడా లేని పిల్లకి బాగుండదు. పద్దెనిమిదికి తగ్గకూడదు. రాత్రీ పగలూ ఒకేలా ఉండాలి.”

“గాలి కొట్టే హీటరొకటి కొన్నాను.”

“అది పెట్టినంతసేపూ మాడుస్తుంది, తీస్తే మళ్లీ చలి. ఉయ్యాల దగ్గర అది వద్దు.” ఐలీన్ థర్మామీటరు సంచిలో వేసుకుంది. “ఇలాగే బరువు పెరిగితే మూడు వారాల్లో పంపించేస్తారు. ఆ వారం గురువారం మళ్లీ వస్తాను. అప్పటికీ ఇల్లు వెచ్చబడకపోతే... ఆ నాన్నమ్మగారింట్లో గ్యాసు హీటింగు ఉందటగా?”

ఆ నాన్నమ్మ పేరు షీనా. మా రోనాతో కలిసి ఉంటున్న ఫిన్లేకి తల్లి. ఉండేది ఇన్వర్‌నెస్‌లోనే. ఫిన్లే సముద్రంలో గాలిమరల మీద పని, వారాల తరబడి ఇంటికి రాడు. అందుకే రోనా మా దగ్గరే ఉంటోంది. ఒకసారి బిడ్డ అక్కడికి వెళ్తే రోనా అక్కడే ఏదో ఉద్యోగం చూసుకుంటుంది. వంద మైళ్లు. ఇక పండక్కో పబ్బానికో చూడడమే.

సాయంత్రం రోనాకి ఫోన్ చేశాను.

“షీనా అప్పుడే గది సర్దేసిందమ్మా. గోడలకి పసుపు రంగు కూడా వేయించింది.”

“రంగు సంగతి సరే. నీకెక్కడ ఉండాలనుంది?”

వెనక ఏదో యంత్రం టిక్కు టిక్కుమంటోంది.

“ఇంట్లో,” అని ఏడ్చేసింది.

చాలు. నా ఒంట్లోకి ఎక్కడలేని ఊపూ వచ్చింది. యాభై ఎనిమిదేళ్లదాన్ని, స్కూలు వంటింట్లో రెండువందల మందికి వండిపెట్టేదాన్ని. ఒక్క హీటరు నన్ను ఓడిస్తుందా?

మా హీటర్లు గోడవారగా ఉండే బరువైన ఇనుప పెట్టెలు. రాత్రి ఏడు గంటలపాటు చవక కరెంటు వచ్చినప్పుడు లోపలి ఇటుకలు కాలుతాయి. పగలంతా ఆ ఇటుకలే గదికి వేడి వదులుతాయి. ఇటుకలు సగమే కాలితే మధ్యాహ్నానికల్లా ఇల్లు చల్లబడిపోతుంది. మాకు జరుగుతున్నది అదే. ఎందుకు జరుగుతోందో తెలియాలి.

“నువ్వు కెలక్కు ఎఫీ,” అన్నాడు మాగ్నస్. “నీ కస్టర్డ్ నువ్వు చూసుకో. కరెంటు సంగతి నేను చూస్తాను.”

“ఏం చూశావ్ ఇన్నాళ్లూ?”

“రెండు నాబులూ ఫుల్లుగా పెట్టాను. ఇంతకన్నా ఎవడు ఏం చేస్తాడు?”

వంటింటి సొరుగులో వారంటీ కాగితాల కింద హీటరు పుస్తకం దొరికింది. నిలబడే చదివాను. రెండు నాబుల్లో ఒకటి రాత్రి ఎంత వేడి దాచుకోవాలో చెప్పేది. రెండోది పగలు ఎంత బయటికి వదలాలో చెప్పేది. ఆ రెండోదాన్ని మా ఆయన ఏడాది పొడుగునా బార్లా తెరిచి ఉంచాడు.

“ఇదిగో మహానుభావా, ఇది మూత! మూత తీసేసి గిన్నె కాగలేదంటే ఎలా కాగుతుంది?”

మాగ్నస్ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను మూత మూశాను. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి వెనకగదిలో పద్నాలుగు ఉంది. ఒక్క డిగ్రీ! వంటింట్లో ఒక్కదాన్నే గంతులేశాను. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వేడి ఎంతుందో రాయడం మొదలుపెట్టాను.

ఆ వారాంతంలోనే ఈ ఫ్లాట్లు చూసుకునే హౌసింగ్ వాళ్ల ఎలక్ట్రీషియన్ గ్రెగర్ వచ్చాడు. వెనకగది హీటరు ముందు రేకు విప్పి, ఇటుకలు ఒక్కొక్కటే తీసి పాత దుప్పటి మీద పేర్చాడు. ఒక్కోటి చంటిపిల్లంత బరువుంది. నేను టార్చి పట్టుకుని పక్కనే కూర్చున్నాను.

“మూడు కడ్డీలుండాలి. ఒకటి పోయింది, చూడండి. ఇక్కడ తెగింది.”

“తెగినట్టు ఎలా తెలుస్తుంది?”

చేతిలో మీటరు తీగలు కడ్డీ రెండు కొసలకీ ఆనించి, ముల్లు కదలకపోవడం చూపించాడు. మిగతా రెండూ నేనే ఆనించి చూస్తానన్నాను.

“మీరు నా ఉద్యోగానికి ఎసరు పెట్టేట్టున్నారే,” అని నవ్వాడు.

కొత్త కడ్డీ పడింది. ఆ రాత్రి నాకు పండగ ముందురోజు పిల్లలకి పట్టినట్టు పట్టింది నిద్ర. మర్నాడు మూడింటికి పదిహేనున్నర! రోనాకి ఫోన్ చేసి అరిచి చెప్పాను. ఆ మర్నాడూ పదిహేనున్నర. ఆ పై రోజూ అంతే. అక్కడితో ఆగిపోయింది. గ్రెగర్‌కి ఫోన్ చేస్తే, “హీటరులో ఇంకేం లోపం లేదండీ. పాత సరుకు. అంతకన్నా ఎక్కదు,” అన్నాడు.

ఆ మాట నాకు రుచించలేదు. ముందుగది హీటరులో కడ్డీలన్నీ బాగున్నాయి, గ్రెగరే చూశాడు. అదీ మధ్యాహ్నానికి చల్లబడుతోంది. నడవాలోదీ అంతే. ఒక గిన్నెలో అన్నం పలుకైతే గిన్నెని అనుమానిస్తాం. మూడు గిన్నెల్లోనూ పలుకే అయితే పొయ్యిని చూడమూ? ఈ మాటే మాగ్నస్‌తో అన్నాను.

“పొయ్యి అంటే?”

“అదే తెలీడంలేదు.”

తెలిసింది ఆదివారం పొద్దున. మా వంటింట్లో రాత్రి కరెంటుతో మాత్రమే పనిచేసే ప్లగ్గొకటుంది. ఈ భవనంలో అన్ని ఫ్లాట్లలోనూ ఉంది. ప్రతి శనివారం పడుకునే ముందు కరెంటు కుండలో గొర్రె ఎముకలూ బార్లీ వేసి ఆ ప్లగ్గుకి తగిలిస్తాను. సన్నని సెగ మీద ఏడు గంటలు ఉడికి, తెల్లారేసరికి చేత్తో లాగితే ఎముక ఊడి వచ్చేలా తయారవుతుంది. రెండు మూడు నెలలుగా అలా రావడంలేదు. ముదురు మాంసం అంటగడుతున్నాడని మాంసం కొట్టువాడితో రెండుసార్లు గొడవ పెట్టుకున్నాను కూడా.

ఆ పొద్దున మూత తీసి గరిటెతో రుచి చూశాను. బార్లీ పళ్ల కింద కరకరమంది. ముదురు మాంసం సరే, మరి బార్లీకి ఏమొచ్చింది? గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది.

“మాగ్నస్! మాంసం ముదురుది కాదు!”

“ఆఁ?” పడగ్గదిలోంచి నిద్రగొంతు.

“కరెంటు సరిపోలేదు! ఏడు గంటలు రావడంలేదు! మన పొయ్యి మధ్యలో ఆరిపోతోంది!”

“ఆదివారం పూట పొద్దున్నే ఏంటే ఇది?”

నేనప్పటికే మెట్లెక్కుతున్నాను. మా పై ఫ్లాటులో మిసెస్ బ్రెమ్నర్ ఉంటుంది. ఎనభై నాలుగేళ్లు, ఒక్కతే. ఆవిడ దగ్గర ప్లగ్గుతో నడిచే పాత గడియారం ఉందని నాకు తెలుసు. బ్యాటరీ ఉండదు. కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతుంది, పోతే ఆగుతుంది, వస్తే మళ్లీ తిరుగుతుంది. నాకు కావలసింది సరిగ్గా అదే.

తలుపు తీసిన మనిషి టోపీ, చేతి తొడుగులూ వేసుకుని ఉంది.

“గడియారమా? దేనికి పిల్లా?”

“రాత్రి కరెంటు ఎంతసేపు వస్తోందో లెక్కెయ్యడానికి.”

“అది మా ఆయన విలియం పెళ్లినాడు ఇచ్చింది. పాడుచేశావంటే నీ కస్టర్డ్ గురించి ఊరంతా చెప్తాను.”

ఆ రాత్రి ముళ్లు రెండూ పన్నెండు మీద పెట్టి, ప్లగ్గుకి తగిలించి పడుకున్నాను. పొద్దున లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వంటింట్లోకి పరిగెత్తాను. నాలుగూ పది. ముళ్లు కదలడంలేదు.

ఏడు గంటలు రావలసిన చోట నాలుగు గంటల పది నిమిషాలు!

నా కేకకి మాగ్నస్ పొడుగు లోడ్రాయరుతోనే పరిగెత్తుకొచ్చాడు. గడియారం చూశాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, ఊపాడు.

“ముసలిదాని ముసలి గడియారం. ఆగి ఉంటుంది దానంతటదే.”

“సరే. ఇవాళ రాత్రి నువ్వే పెట్టు.”

ఆయనే పెట్టాడు. ముళ్లు ఆయనే తిప్పి, ప్లగ్గు ఆయనే గుచ్చి, నన్ను దగ్గరికి కూడా రానివ్వలేదు. మంగళవారం పొద్దున ఇద్దరం పక్కపక్కన నిలబడి చూశాం. నాలుగూ పది.

మాగ్నస్ కెటిల్‌లో నీళ్లు పట్టాడు. రెండు కప్పులు తీశాడు. కిటికీలోంచి రేవువైపు చూస్తూ నిలబడి, నీళ్లు మరిగాక అన్నాడు:

“ఇప్పుడేం చేద్దాం ఎఫీ?”

ముప్పై మూడేళ్ల కాపురంలో ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. నేను పట్టించుకోనట్టు పాలు కలుపుకున్నాను.

“ముందు ఫోన్ చేద్దాం,” అన్నాను.

మీటరు వాళ్లకి చేస్తే ఓ కుర్రగొంతు పలికింది.

“మా స్క్రీన్ మీద మీకు ఏడు గంటలూ వస్తున్నట్టే ఉందండీ.”

“మీ స్క్రీన్ వెచ్చగా ఉందేమో నాయనా, నా ఇల్లు లేదు.”

“మనిషిని పంపాలంటే మూడు వారాలు పడుతుందండీ.”

ఐలీన్ రావడానికి తొమ్మిది రోజులే ఉంది. ఫోన్ పెట్టేసి ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అప్పుడు మాగ్నస్ అన్నాడు, “నవంబరులో మీటరు పక్కన, రాత్రి కరెంటు వేసి తీసే ఆ బూడిదరంగు పెట్టె మార్చారు, గుర్తుందా? మార్చింది మనకొక్కళ్లకే కాదు.”

ఆయన్ని ముద్దు పెట్టుకున్నాను. కంగారుపడి టీ ఒలకబోసుకున్నాడు.

మా భవనంలో ఎనిమిది ఫ్లాట్లు. ఇద్దరం కలిసి తలుపు తలుపూ తట్టాం. మాతో కలిపి ఐదిళ్లకి పెట్టె మార్చారు. ఆ ఐదిళ్లలోనూ నవంబరు నుంచే ఇల్లు చల్లబడుతోంది. ఒకళ్లు కిటికీల సందులనుకున్నారు. ఒకళ్లు కొత్త హీటరుకి దరఖాస్తు పెట్టారు. మార్చని మూడిళ్లవాళ్లు ఇంట్లో ఒట్టి చొక్కాలతో తిరుగుతున్నారు.

మిసెస్ బ్రెమ్నర్‌ది ఆ ఐదింట్లో ఒకటి. ఆవిడ సాయంత్రం నాలుగింటికే టోపీతో దుప్పట్లో దూరుతోందట.

“నాకు చెప్పొచ్చుగా ఇన్నాళ్లూ?” అన్నాను.

“ఏం చెప్పను పిల్లా? ఈ వయసుకి చలి ఇలాగే వేస్తుంది కాబోలు అనుకున్నాను.”

మాగ్నస్ ఆవిడ కేసి చూసి, కోటు వేసుకుని వెళ్లిపోయాడు. గంట తర్వాత పాత సామాన్ల దుకాణం నుంచి అలాంటి ప్లగ్గు గడియారాలు ఇంకో రెండు పట్టుకొచ్చాడు. ఒకదాని మీద కోడిపుంజు బొమ్మ. ఆ రెండు మూడు రోజులు మేమిద్దరం మెట్లెక్కడం, దిగడం. సాయంత్రం గడియారాలు పెట్టి రావడం, పొద్దున పోయి చూడడం. ప్రేమించుకున్న రోజుల్లో కూడా మేమిద్దరం అంతగా కలిసి తిరగలేదు. స్కూల్లో పిల్లలకి బంగాళదుంపలు వడ్డిస్తూ కూడా నాకు ముళ్లే కళ్లముందు ఆడేవి.

ఐదిళ్లలోనూ నాలుగూ పదే. ఐదు నిమిషాలు అటూ ఇటూ లేదు.

శుక్రవారం మా వంటింట్లో ఐదిళ్లవాళ్లూ చేరారు. ఓట్ బిస్కెట్లూ చీజూ బల్ల మీద పెట్టి, ఫోన్ అందరికీ వినపడేలా పెట్టాను. అదే కుర్రగొంతు, అదే స్క్రీన్. నేను ఐదు ఫ్లాట్ల నెంబర్లూ వరసగా చదివాను. అతను మూడు వారాల మాట మళ్లీ ఎత్తేసరికి మిసెస్ బ్రెమ్నర్ ఫోన్ లాక్కుంది.

“బాబూ, నాకు ఎనభై నాలుగు. మూడు వారాలు అప్పివ్వడానికి నా దగ్గర లేవు. నీ పైవాణ్ణి పిలు.”

పైమనిషి వచ్చింది. ఆడగొంతు. మొదటినుంచీ చెప్పమంది, మధ్యలో అడ్డుపడకుండా వింది. “గడియారాలతోనా?” అని ఒకసారి మాత్రం అడిగింది. తర్వాత, “బుధవారం,” అంది.

మంగళవారం రాత్రి మంచు పడింది. బుధవారం పొద్దున రేడియోలో దక్షిణంగా కొండమలుపుల దగ్గర రోడ్డు మూసేశారన్నారు. మనిషి రావలసింది ఆ రోడ్డునే. మర్నాడే ఐలీన్. ఇవాళ రాత్రి ఇటుకలు కాలకపోతే ఇక అంతే.

నేను స్కూలుకి సెలవు పెట్టాను. మాగ్నస్ పార తీసుకుని కిందికి వెళ్లాడు. భవనం ముందు మంచు తీశాడు, అది అయ్యాక వీధి మొదలుదాకా తీశాడు. అది కౌన్సిలు వాళ్ల పని. “ఇక రా పైకి, గుండెపోటు తెచ్చుకుంటావ్!” అని కిటికీలోంచి అరిచాను. “వాడొచ్చి పార్కింగ్ లేదని పోతే?” అని కిందినుంచి అరిచాడు.

రెండున్నరకి రోడ్డు తెరిచారు. వెలుతురు పోయేవేళకి తెల్లవ్యాను మెల్లగా మా వీధిలోకి తిరిగింది. మాగ్నస్ పార ఊపుతూ, ఓడకి క్రేను దగ్గర దారి చూపించినట్టు, దాన్ని మా గుమ్మం ముందుకి తెచ్చి నిలబెట్టాడు.

వచ్చిన మనిషి మాటకారి కాదు. బూడిదరంగు పెట్టె తెరిచి, చేతిలో పరికరం దానికి తగిలించి, కనుబొమ్మలు ముడిచాడు.

“ఎవరు పెట్టారిది? ఇది మీ టైమింగే కాదు.”

“ఎన్ని గంటలుంది అందులో?” అన్నాను.

“నాలుగూ పది.”

మాగ్నస్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఇరవై నిమిషాల పని. ఐదిళ్లూ అయ్యేసరికి ఆరు దాటింది. పోతూ పోతూ ఆ మనిషి అడిగాడు, “ఇంతకీ మీరెలా కనిపెట్టారు?”

“బార్లీ ఉడక్క,” అన్నాను.

అప్పుడు నవ్వాడు. ఈ బార్లీ సంగతి ఆయన ఆఫీసులో చెప్పాడట. అది హౌసింగ్ వాళ్లదాకా పాకింది. వసంతం వచ్చేసరికి ఊళ్లో మిగతా భవనాల వాళ్లు కూడా నన్ను పిలవడం, నేను గడియారాల సంచి పట్టుకుని వెళ్లడం, చివరికి స్కూలు వంటిల్లు వదిలి హౌసింగ్ ఆఫీసులో గ్రెగర్ పక్క బల్ల దగ్గర కూర్చోవడం, అన్నీ జరిగాయి. కానీ ఆ సాయంత్రం నాకు అవేమీ తెలియదు. నాకు కావలసింది గురువారం.

గురువారం పొద్దున వెనకగదిలోకి వెళ్లి హీటరు మీద అరచెయ్యి పెట్టి, అబ్బా అని తీసేశాను. కాలింది! మూడు నెలల్లో మొదటిసారి కాలింది. మాగ్నస్ కూడా పెట్టి, అబ్బా అని తీసి, మళ్లీ పెట్టాడు. ముందుగదిలోకి పరిగెత్తి దాని మీదా పెట్టాడు. “ఇదీ! ఎఫీ, ఇదీ కాలుతోంది!” పైనుంచి కర్రతో నేల మీద టకటకా కొట్టడం వినపడింది. మిసెస్ బ్రెమ్నర్‌ది కూడా కాలిందన్నమాట.

మూడింటికి ఐలీన్ వచ్చింది. అల్మరా మీద థర్మామీటరు పెట్టింది. పది నిమిషాలు ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

“పంతొమ్మిది,” అంది. కోటు గుండీలు విప్పుకుంటూ మళ్లీ చూసింది. “పంతొమ్మిదే. టీ ఇస్తారా?”

శనివారం మధ్యాహ్నం షీనా కారులో వచ్చారు అందరూ. ఫిన్లే సంచులు మోస్తున్నాడు. షీనా వాకిట్లో నిలబడి కోటు విప్పి, “అమ్మో, మా ఇంటికన్నా ఇదే వెచ్చగా ఉంది,” అంది. మంచిది కాబట్టే అనగలిగింది. ఆ పసుపుగోడల గది ఊసు మళ్లీ ఎత్తలేదు. నాలుగు రోజులు మాతోనే ఉండిపోయింది కూడా.

రోనా బిడ్డని తిన్నగా తెచ్చి తాత చేతుల్లో పెట్టింది. పేరు ఇంగ. మాగ్నస్ క్రేనుతో ఎత్తిన బరువులు ఎన్ని వేల టన్నులో. ఆ మూరెడు పిల్లని పట్టుకుని కదలడానికి భయపడ్డాడు.

“ఆసుపత్రిలో ఎప్పుడూ టోపీ తియ్యనివ్వలేదు నాన్నా,” అంది రోనా. “ఇక్కడ తియ్యొచ్చు. ఐలీన్ చెప్పింది.”

మాగ్నస్ హీటరు పక్కన కుర్చీలో కూర్చుని, రెండు వేళ్లతో ఆ ఉన్ని టోపీ కొస పట్టుకుని, మెల్లగా లాగాడు. కింద జుట్టుంది. తడి రాగిలాంటి ఎరుపు. చనిపోయిన మా అత్తగారిది సరిగ్గా ఆ రంగే. లేచి, బిడ్డని గుండెకి హత్తుకుని, గబగబా వాకిలిదాకా నడిచి, తలుపు బార్లా తెరిచి, మనసులో మాట పైకి చెప్పని మా ఆయన మెట్లమీదికి తలెత్తి భవనం దద్దరిల్లేలా అరిచాడు:

“ఎర్రజుట్టు! మిసెస్ బ్రెమ్నర్! మా అమ్మ జుట్టు!”

పైనుంచి వెంటనే జవాబొచ్చింది:

“ముందు తలుపు వెయ్యవయ్యా! వేడంతా బయటికి పోతోంది!”